మైపాటి తీరమున వారపు పరుగు

నెల్లూరు నగరమునకు తూర్పున, సుమారు 25 కిలోమీటర్ల దూరమున, బంగాళాఖాతపు ఒడ్డున మైపాడు అను గ్రామము కలదు. అది ఇందుకూరుపేట మండలములోనిది. నగరము నుండి సముద్రము వైపు పోవు రోడ్డునకు ఇరుప్రక్కల వరిచేలు, చెట్లతోపులు, రొయ్యల గుంటలు కన్పట్టును. గ్రామము దాటగానే విశాలమైన ఇసుక తిన్నె, దాని ఆవల నీలపు నీరు. తీరము తూర్పు ముఖమై యుండుటచే సూర్యుడు నీటిలో నుండియే లేచి వచ్చుచున్నట్లు తోచును. సెలవు దినములలో నగరవాసులు కుటుంబములతో వచ్చి ఇచట ఆనందింతురు. ఈ తీరము బాలబాలికలకు మరియొక విధముగా కూడ ఉపకరింపగలదు. తడిసి గట్టిపడిన ఇసుక ప్రకృతి పరచిన పరుగు బాట వంటిది. అట్టి చోట వారమునకొక పర్యాయము కూడి పరుగెత్తుట ఎట్లో, వారము వారమునకు మన వేగమును పెంచుకొనుట ఎట్లో ఈ పాఠమున తెలిసికొందము.

పరుగు పిల్లల వినోదమే గాని వేరొకటి కాదని కొందరు తలంతురు. కాని వేకువజామున మన యూళ్ల రోడ్ల వెంబడి, పాఠశాలల ఆటస్థలములలో చెమటలు కారునట్లు పరుగెత్తుచున్న యువతీయువకులను చూచినవారు అట్లనరు. పోలీసు కొలువును గాని సైన్యపు కొలువును గాని కోరువారికి పరుగు పరీక్ష తప్పదు. ఆంధ్రప్రదేశ్ పోలీసు కానిస్టేబుల్ నియామకములలో పురుషులు 1600 మీటర్ల దూరమును 8 నిమిషములలోను, స్త్రీలు 10 నిమిషముల 30 సెకండ్లలోను ముగింపవలెనను నియమము కలదు. 2022లో మొదలైన అగ్నివీర్ నియామకములలో 1.6 కిలోమీటరు దూరమును 5 నిమిషముల 30 సెకండ్లలోపల పరుగెత్తిన వానికి ఆ పరుగునకు పూర్తి మార్కులు 60 లభించును. ఒక్క సెకండు దాటినచో 48 మార్కులే. కన్ను మూసి తెరచునంతలో పండ్రెండు మార్కులు చేజారును. అట్టి సెకండు ఒక కుటుంబపు జీవనమును మార్చివేయవచ్చును. కావున "సెకండ్లు ఎట్లు తగ్గును?" అను ప్రశ్న చిన్నది కాదు.

ఈ ప్రశ్నకు చాలమంది చెప్పు సమాధానము ఒక్కటే: "ప్రతి దినము ప్రాణమొడ్డి పరుగెత్తవలెను." వినుటకు వీరోచితముగా నుండు ఈ మాటలో పొరపాటు కలదు. నెల్లూరి మొలగొలుకుల పేరు మీరు వినియే యుందురు. ఆ ధాన్యమును కాటాపై నుంచి తూచినంత మాత్రమున అది పెరుగునా? దినమునకు పదిమారులు తూచినను గింజ అధికము కాదు. ధాన్యము పెరుగునది చేనిలో. కాటా తెలుపునది చేని ఫలితము. వారమునకొకసారి గడియారము చూచుకొని పరుగెత్తు పరుగు కాటా వంటిది. మిగిలిన ఆరు దినములు చేను వంటివి. వేగము పెరుగునది ఆ ఆరు దినములలోనే.

వారపు పరుగు అను ఏర్పాటు ఎట్లు వ్యాపించెనో మొదట చూతము. లండను నగర సమీపమున బుషీ పార్కు అను విశాలమైన ఉద్యానము కలదు. 2004వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన పాల్ సింటన్-హ్యూయిట్ అను నతడు అచట 5 కిలోమీటర్ల పరుగు నొకదానిని ఏర్పాటు చేసెను. దెబ్బ తగిలి తాను పరుగెత్తలేకున్న కాలమది. అయినను పరుగు మిత్రులను విడిచి యుండలేకపోయెను. ఆ దినమున పరుగెత్తినవారు 13 మంది మాత్రమే. నిర్వహించినవారు ఐదుగురు. చేరిన వరుసను తెలుపుటకు ఇచ్చిన బిళ్లలు ఇనుప సామాను దుకాణములో కొనిన వాషర్లు. ప్రవేశ రుసుము లేదు, బహుమానము లేదు. ప్రతివాడు తన పేరును, తనకు పట్టిన కాలమును తెలిసికొని యింటికి పోయెను; మరుసటి శనివారము మరల వచ్చెను. ఈ చిన్న ఏర్పాటే పార్క్‌రన్ అను పేర ఇరువదికి పైగా దేశములలో వ్యాపించినది. మన తెలుగునాట 2007లో ఏర్పడిన హైదరాబాదు రన్నర్స్ అను సంఘమువారును ఉదయవేళల గుంపులుగా కూడి పరుగెత్తుచు, ఉద్యోగులకు, గృహిణులకు, వృద్ధులకు సయితము ఈ అలవాటును నేర్పిరి. గొప్ప మైదానము గాని విలువగల సాధనములు గాని లేకున్నను ఇట్టి పని సాగునని పై వృత్తాంతముల వలన తెలియుచున్నది. కావలసినవి నాలుగు: కొలిచిన దూరము, ఒక గడియారము, ఒక పుస్తకము, వారము తప్పకుండ వచ్చు మిత్రులు.

ఇట్టి పరుగును మైపాటి పరిసరముల పిల్లలు జరుపుకొనవలెనన్నచో మొదటి పని దూరమును సరిగా కొలుచుట. అందులకు సైకిలు చాలును. చక్రమునకు ఒకచోట సుద్దతో గురుతు పెట్టి, నేలపై తిన్నగా ఒక చుట్టు నడపి, ఆ చుట్టులో గడచిన దూరమును టేపుతో కొలువవలెను. అది 2 మీటర్ల 10 సెంటీమీటర్లు అయినదనుకొందము. అప్పుడు 1190 చుట్లు తిరిగినచో 2499 మీటర్లు, అనగా ఇంచుమించు రెండున్నర కిలోమీటర్లు అగును. అంతదూరము పోయి తిరిగి వచ్చినచో 5 కిలోమీటర్లు. ఇది పిల్లల ఆటవలె తోచునేమో! ప్రపంచమున పెద్ద మారథానుల దారులను కొలుచుటకు నేటికిని సైకిలు చక్రపు చుట్లను లెక్కించు పద్ధతియే ప్రమాణముగా నున్నది. క్రొత్తగా పరుగు మొదలుపెట్టువారు 5 కిలోమీటర్లకు మారు 2 కిలోమీటర్లతో ఆరంభించుట మేలు.

దారి యేది? సముద్రపు ఒడ్డు మనోహరమైనదే గాని కాలమును పోల్చి చూచుకొనుటకు అది నమ్మదగినది కాదు. దీనికి కారణము ఆటుపోటులు. మన తీరమున దినమునకు రెండు పర్యాయములు పోటు, రెండు పర్యాయములు ఆటు కలుగును. ఒక్కొక్క దినమునకు అవి సుమారు 50 నిమిషములు ఆలస్యముగా వచ్చును. ఏడు దినములకు ఆ ఆలస్యము ఎంతయగును? 350 నిమిషములు, అనగా సుమారు 6 గంటలు. పోటునకును ఆటునకును నడుమ కాలము కూడ సుమారు 6 గంటలే. కావున ఈ ఆదివారము ఉదయము 6 గంటలకు నీరు వెనుకకు పోయి గట్టి ఇసుక వెడల్పుగా కన్పట్టినచో, మరుసటి ఆదివారము అదే వేళకు నీరు ముందుకు వచ్చి, పరుగెత్తువానిని మెత్తని పొడి ఇసుకలోనికి నెట్టివేయును. పాపము, ఆ బాలుడు "నా వేగము తగ్గిపోయినది" అని దిగులుపడును. తగ్గినది అతని వేగము కాదు, గట్టి నేల. రెండు వారములకు ఆటుపోటుల వేళలు మరల ఇంచుమించు మొదటి స్థితికి వచ్చును. అందుచేత ఒడ్డున పరుగెత్తిన కాలములను పక్షమునకొకసారి మాత్రమే పోల్చవలెను. వారము వారము పోల్చి చూడవలెనన్నచో, బండ్ల రాకపోకలు లేని కాలువ గట్టును గాని, పాఠశాల ఆటస్థలమును గాని ఎన్నుకొని, ఒడ్డును సాధనకు ఉంచుకొనుట మంచిది.

గాలి సంగతియు తెలిసికొనవలెను. రాత్రి భూమి సముద్రము కంటె త్వరగా చల్లబడును గావున వేకువజామున గాలి సామాన్యముగ నేల మీది నుండి నీటివైపు మెల్లగా వీచును. ఎండ ఎక్కిన కొలది నేల వేడెక్కి, గాలి సముద్రము నుండి నేల వైపునకు తిరుగును. ఎదురు గాలిలో పోయిన కాలమును తిరుగుదారిలో వెనుక గాలి పూర్తిగా తీర్చలేదు. పోగొట్టుకొన్నది ఎక్కువ, పొందినది తక్కువ. కావున గాలి నిలిచియుండు ఉదయవేళను ఎన్నుకొనుటయు, ప్రతి వారము అదే వేళకు పరుగెత్తుటయు అవసరము.

గాలిని లెక్కించుట అతిజాగ్రత్త యని యనుకొనకుడు. విశాఖపట్టణములో పుట్టిన జ్యోతి యర్రాజీ వృత్తాంతమును వినుడు. ఆమె తండ్రి కావలిదారు; తల్లి ఇండ్లలోను ఆసుపత్రిలోను పని చేసి కుటుంబమును నెట్టుకొని వచ్చినది. పది అడ్డుకట్టెలను దాటుచు పరుగెత్తు 100 మీటర్ల హర్డిల్సులో జ్యోతి పేరు పొందినది. ఈ పోటీలో అనురాధా బిశ్వాల్ 2002లో నెలకొల్పిన 13.38 సెకండ్ల జాతీయ రికార్డు చిరకాలము చెక్కుచెదరక నిలిచెను. 2020లో జ్యోతి 13.03 సెకండ్లలో పరుగు ముగించెను. కాని ఆ పోటీలో నిషిద్ధ ఔషధముల పరీక్ష జరుగకపోవుటచే అది రికార్డుగా అంగీకరింపబడలేదు. 2022 ఏప్రిల్‌లో కోళికోడులో 13.09 సెకండ్లలో ముగించెను. అప్పుడు వెనుక నుండి వీచిన గాలి వేగము సెకండునకు 2.1 మీటర్లు. నియమము అంగీకరించునది 2.0 మీటర్లు. ఒక పదవ వంతు మీటరు గాలి అధికమగుటచే ఆ పరుగును లెక్కకు రాలేదు. రెండుమారులు చేతికందిన ఫలము జారిపోయినను ఆమె నియమమును నిందించుచు కూర్చుండలేదు. 2022 మే నెలలో సైప్రసు ద్వీపమున 13.23, అదే నెలలో ఇంగ్లండున 13.11, పిదప నెదర్లాండ్సున 13.04, అక్టోబరులో బెంగళూరున 12.82, 2023 ఆగస్టులో చైనా దేశపు చెంగ్డూ నగరమున 12.78: ఇది ఆమె సాధన మెట్లవరుస.

ఈ అంకెలను మరల చూడుడు. 13.23 నుండి 12.78 వరకు తగ్గినది 45 శతాంశముల సెకండు. దానికి పట్టిన కాలము పదునైదు నెలలు. ప్రపంచ స్థాయి క్రీడాకారిణికి అర సెకండు తగ్గుటకు అంత కాలము పట్టినపుడు, ఒక వారములో నిమిషము తగ్గలేదని మనము విసుగుచెందుట న్యాయమా? మరియొక విశేషము: 2023 జూలైలో బ్యాంకాక్ నగరమున జరిగిన ఆసియా పోటీలలో జ్యోతి స్వర్ణపతకము గెలిచినది. ఆ దినమున ఆమెకు పట్టిన కాలము 13.09 సెకండ్లు. అది అంతకు ముందటి సంవత్సరము బెంగళూరులో పరుగెత్తిన దాని కంటె ఎక్కువ. ప్రతి పరుగును వెనుకటి దానికంటె మెరుగు కానక్కరలేదు. నడక ఏ దిక్కునకు సాగుచున్నదన్నదే ముఖ్యము.

ఇక చేనిపని వంటి ఆరు దినముల సాధనమునకు వత్తము. 2 కిలోమీటర్లకు గాని 5 కిలోమీటర్లకు గాని శరీరమునకు కావలసిన శక్తిలో అధికభాగము ప్రాణవాయువు సాయముతోనే పుట్టును. నెమ్మదిగా, చాలసేపు పరుగెత్తుచు కొన్ని వారములు గడచినచో శరీరమున మూడు మార్పులు కలుగును. గుండె ఒక్కొక్క కొట్టునకు పంపు రక్తము అధికమగును. కండరములలో సన్నని రక్తనాళికలు వృద్ధిపొందును. కండరకణములలో ప్రాణవాయువును ఉపయోగించి శక్తిని పుట్టించు మైటోకాండ్రియా అను సూక్ష్మభాగములు పెరుగును. ఈ మార్పులకు నెమ్మది పరుగు చాలును. నెమ్మది అనగా ఎంత? ప్రక్కవానితో ఆయాసము లేకుండ పూర్తి వాక్యము మాటాడగలిగినంత. ఒక్కొక్క మాటకు ఊపిరి తీసికొనవలసి వచ్చినచో అది నెమ్మది కాదు. మరియొక రహస్యము: శరీరము పటిష్ఠమగునది పరుగెత్తుచున్నపుడు కాదు, ఆ పిమ్మట విశ్రమించునపుడు. కావున మీ వయసు వారికి నిదుర కూడ సాధనలో భాగమే. రాత్రి ఫోను చేతబట్టుకొని మేలుకొని, ఉదయము గడియారమును గెలువవలెనని తలచువాడు విత్తనము చల్లక పంట కోరువాడు.

వారమున ఒక దినము మాత్రము వేగపు సాధన చేయవచ్చును. చెకొస్లొవేకియా దేశపు ఎమిల్ జాటోపెక్ 1952 హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో 5,000 మీటర్ల పరుగును, 10,000 మీటర్ల పరుగును, మారథానును గెలిచి లోకమును ఆశ్చర్యపరచెను. 200, 400 మీటర్ల దూరములను వేగముగా పరుగెత్తుట, నడుమ నెమ్మదిగా సాగుట, మరల వేగముగా పరుగెత్తుట, ఇట్లు అనేక పర్యాయములు చేయుట అతని పద్ధతి. మీకు అన్ని పర్యాయములు అక్కరలేదు. 400 మీటర్లు నాలుగుమారులు, నడుమ రెండేసి నిమిషముల నడకతో చేసినచో చాలును. ఆదివారము కొలత పరుగు. మంగళవారము నెమ్మది పరుగు. గురువారము వేగపు సాధన. శుక్రవారము మరల నెమ్మది పరుగు. మిగిలిన దినములు విశ్రాంతియో నడకయో. ఇది మొదటి మూడు నెలలకు సరిపోవును. దూరమును ఒక్కసారిగా రెట్టింపు చేయరాదు.

మెత్తని ఇసుక కూడ మంచి గురువే. ఆస్ట్రేలియా దేశమున పెర్సీ సెరుట్టీ అను శిక్షకుడు పోర్ట్‌సీ అను సముద్రతీరమున తన శిష్యులను ఇసుక దిబ్బలపైకి పరుగెత్తించెడివాడు. అచట తర్ఫీదు పొందిన హెర్బ్ ఎలియట్ 1960 రోము ఒలింపిక్ క్రీడలలో 1500 మీటర్ల పరుగును 3 నిమిషముల 35.6 సెకండ్లలో ముగించి ప్రపంచ రికార్డుతో స్వర్ణపతకము పొందెను. పొడి ఇసుకలో పాదము దిగబడుటచే పిక్కలు, తొడలు అధికముగా పని చేసి బలపడును. కాని దినమునకు ఐదు నిమిషములకు మించరాదు. మించినచో మడమ నరము నొచ్చును. ఒడ్డు నీటివైపు వాలియుండును గావున ఒకే దిక్కుగా చాలదూరము పోరాదు. పోయినంత దూరము తిరిగి వచ్చినచో వాలు భారము రెండు కాళ్లకును సమముగా పడును. పరుగు ముగిసిన పిమ్మట చెమటతో, అలసటతో సముద్రములో దిగరాదు.

ఇప్పుడు పరుగు దినమున చేయవలసిన దానిని తెలిసికొందము. ఇందు ఒక్క సూత్రమే కలదు: సమవేగము. ఒక బాలుడు 5 కిలోమీటర్లు పరుగెత్తినాడనుకొందము. మొదటి కిలోమీటరు ఉత్సాహముతో 5 నిమిషముల 20 సెకండ్లలో ముగించెను. రెండవది 6 నిమిషముల 10 సెకండ్లు. మూడవది 6 నిమిషముల 50 సెకండ్లు. నాలుగవది 7 నిమిషములు. చివర జనుల కేకలు విని కొంత తేరుకొని ఐదవది 6 నిమిషముల 40 సెకండ్లలో ముగించెను. మొత్తము 32 నిమిషములు. మరుసటి వారము ఆ బాలుడే ప్రతి కిలోమీటరును 6 నిమిషముల 20 సెకండ్ల చొప్పున పరుగెత్తినచో మొత్తము 31 నిమిషముల 40 సెకండ్లగును. మొదటి వారము గొప్పగా దూసుకొనిపోయిన కిలోమీటరు కంటె ఈ పరుగులో ప్రతి కిలోమీటరును ఒక నిమిషము నెమ్మది. అయినను మొత్తము మీద 20 సెకండ్లు లాభము. మొదటి కిలోమీటరున మిమ్ము దాటిపోవు వారిని చూచి కలత చెందకుడు; నాలుగవ కిలోమీటరున వారిలో పలువురు మరల కన్పట్టుదురు. కానిస్టేబుల్ పరీక్షకు పోవువారికిని ఇదియే సూత్రము. 1600 మీటర్లకు 8 నిమిషములనగా 400 మీటర్ల చుట్టునకు 2 నిమిషములు. మొదటి చుట్టును ఒకటిన్నర నిమిషములో ముగించినవాడు ధైర్యవంతుడు కాడు, లెక్క తెలియనివాడు.

సమవేగమునకు మిత్రుల సాయము గొప్పది. 1954 మే 6వ తేదీన ఆక్స్‌ఫర్డు నగరమున రోజర్ బానిస్టర్ అను వైద్య విద్యార్థి ఒక మైలు దూరమును 3 నిమిషముల 59.4 సెకండ్లలో పరుగెత్తి, నాలుగు నిమిషముల గోడను మొదట దాటినవాడని కీర్తి పొందెను. ఆ కీర్తిలో భాగస్వాములు మరి ఇద్దరు కలరు. క్రిస్ బ్రాషర్, క్రిస్ చాటవే అను మిత్రులు వంతులవారీగా ముందు పరుగెత్తి వేగమును నిలిపిరి. బానిస్టర్ చివరి పరుగు తాను పరుగెత్తెను. 46 దినములు గడచునంతలో ఆస్ట్రేలియా దేశపు జాన్ లాండీ ఆ రికార్డును కూడ దాటెను. ఒకడు దారి చూపినచో వెనుకవానికి భయము తీరును. మీలో వేగము తెలిసినవాడు ఒక వారము తన కాలమును విడిచి, వెనుకబడిన మిత్రుని ప్రక్కన సమవేగముతో పరుగెత్తినచో ఆ మిత్రుని కాలము తగ్గును. ఇట్టి సాయము చేయుటకే వారపు పరుగు వలె గుంపుగా కూడుట అవసరము.

ఎండ విషయమున మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. 2024 ఆగస్టులో ఝార్ఖండ్ రాష్ట్రమున ఎక్సైజు కానిస్టేబుల్ నియామకమునకు జరిగిన 10 కిలోమీటర్ల పరుగు పరీక్షల సందర్భమున పదిమందికి పైగా యువకులు ప్రాణములు కోల్పోయిరి. కొలువు కోరి వచ్చిన బిడ్డలు తిరిగి యిల్లు చేరలేదు. ఆ తల్లిదండ్రుల దుఃఖమును తలచుకొన్నవాడు పరుగుతో చెలగాటమాడడు. చెమట ఆరుటచే శరీరము చల్లబడును. సముద్రతీరపు గాలిలో తేమ అధికము గావున చెమట త్వరగా ఆరదు. వేడి లోపలనే నిలిచిపోవును. అందుచేత మన తీరమున ఎండకాలపు పరుగు సూర్యోదయ సమయముననే ముగియవలెను. వడగాడ్పులు వీచు దినములలో కొలత పరుగు మానివేయవలెను. పరుగునకు ముందు కొంచెము నీరు, పిమ్మట నీరో ఉప్పు వేసిన మజ్జిగయో త్రాగవలెను. కడుపునిండ తిని పరుగెత్తరాదు. జ్వరము వచ్చి తగ్గినవారు, ఉబ్బసము గాని గుండె జబ్బు గాని కలవారు వైద్యుని అడుగక పరుగెత్తరాదు. తల తిరుగుట, వాంతి, మాట తడబడుట, ఒడలు కాలిపోవుట, ఎదలో నొప్పి, వీనిలో ఏది కన్పట్టినను వెంటనే ఆగవలెను. తోడివారు అతనిని నీడకు చేర్చి, ఒడలు నీటితో తడిపి, విసరుచు, ఆలస్యము చేయక 108 వాహనమును పిలువవలెను. పడిపోయిన వానిని విడిచి ముందు చేరినవాని కాలమును ఎవరును లెక్కింపరు.

వారపు పరుగునకు ఒక పుస్తకము ఉండవలెనంటిని. అందు తేది, దూరము, పట్టిన కాలము, గాలి, నేల తీరు, ముందు రాత్రి నిదురించిన గంటలు వ్రాసికొనుడు. ఒక వారమును మరియొక వారముతో కాక, ఆరు వారములను ఆరు వారములతో పోల్చుడు. మీరు ఎదుగు వయసున ఉన్నవారు. కాళ్లు పొడవగు నెలలలో కాలము ఒక్కొక్కప్పుడు పెరుగవచ్చును కూడ. దానికి చింతింప పని లేదు. పుస్తకము అబద్ధమాడదు; ఓపిక గలవానికి అది తప్పక శుభవార్త చెప్పును.

చివరి మాట చివర వచ్చువారిని గూర్చి. పైన చెప్పిన పార్క్‌రన్ పరుగులలో ఒక మంచి ఆచారము కలదు. స్వచ్ఛందముగా పనిచేయు ఒకరు అందరి వెనుక నడచుచు, అందరి కంటె చివర గమ్యము చేరుదురు. కావున పరుగెత్తువారిలో ఎవ్వరును చిట్టచివరి వారు కారు. ఎవ్వరికిని సిగ్గుపడవలసిన పని లేదు. మన పిల్లలు పరుగు మానివేయుటకు అలసట కంటె పరిహాసమే పెద్ద కారణము. బరువైన బాలుడు, బిడియపడు బాలిక, మొదటి వారము వచ్చి నవ్వులపాలైనచో రెండవ వారము రారు. రానివాని కాలము ఎన్నటికిని తగ్గదు. రేపు 8 నిమిషముల పరీక్షకు నిలువవలసిన వారు వారిలోనే ఉండవచ్చును. అందుచేత విద్యార్థులారా, మీ కాలమును తగ్గించుకొనుడు. తోడివాని ఉత్సాహమును తగ్గింపకుడు. ఆరు దినములు చేనిలో పని చేసి, ఏడవ దినమున కాటా వద్దకు నవ్వుచు రండు. వెనుక వచ్చుచున్న మిత్రుడు గమ్యము చేరువరకు నిలిచి చప్పట్లు కొట్టి, అతని కాలమును కూడ పుస్తకమున వ్రాసి, అప్పుడు ఇంటికి పొండు.

ప్రశ్నలు

1. వారపు పరుగును కాటాతోను, మిగిలిన ఆరు దినములను చేనితోను ఎందుకు పోల్చిరి?
2. ఒడ్డున పరుగెత్తిన కాలములను వారమునకొకసారి కాక పక్షమునకొకసారి పోల్చవలెననుటకు కారణమేమి? లెక్క చూపి వివరింపుడు.
3. జ్యోతి యర్రాజీ పరుగులు రెండు లెక్కకు రాకపోవుటకు కారణములేవి? ఆ వృత్తాంతము వలన మీరు నేర్చుకొనిన దేమి?
4. ఒక విద్యార్థి 2 కిలోమీటర్ల దూరమును 12 నిమిషములలో సమవేగముతో ముగింపగోరినచో, 400 మీటర్ల చుట్టు ఒక్కింటికి ఎంత కాలము పట్టవలెను?
5. పరుగెత్తుచున్న మిత్రుడు తల తిరిగి పడిపోయినచో మీరేమి చేయుదురు? ఐదు వాక్యములలో వ్రాయుడు.